దండ లేనాయన

నందిగామలో జగ్గయ్యపేట బస్సు దిగేసరికి ప్రసూనాంబ చేతిలోని బంతిపూల సంచి నలిగిపోయింది. దారి పొడుగునా నిలబడే వచ్చింది. తెల్లవారకముందే లేచి, పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారికి ఒళ్ళు తుడిచి, జావ తాగించి, పక్కింటి పున్నమ్మకి అప్పగించి రావడం ఆమెకి రోజూ ఉన్నదే. సొంతూరు జగ్గయ్యపేటకి బదిలీ అయితే మధ్యాహ్నం గంటకి ఇంటికెళ్ళి రావచ్చు.

నందిగామ బడిలో హెడ్మిస్ట్రెస్ భారతీదేవి గుమ్మంలోనే ఎదురైంది.

"ఇవాళ ఇన్‌స్పెక్టరుగారిని మెప్పించావంటే నీ బదిలీకి సిఫారసు రాయిస్తా ప్రసూనా."

మద్రాసు నుంచి ఎవరో పంపిన అమెరికా అధ్యక్షుల బొమ్మలు వరసగా గోడకి తగిలించి ఉన్నాయి. నెల నుంచీ ఆరో తరగతికి వాళ్ళ జీవితాలు చెబుతోంది ప్రసూనాంబ. కట్టెలు కొట్టి పైకొచ్చి బానిసల్ని విడిపించినాయన, చక్రాల కుర్చీలోంచి దేశాన్ని నడిపినాయన. బానిసల కథకి పిల్లలు ఏడ్చారు కూడా. కానీ గంట కొట్టేలోగా ముగించాలి గనక ఎవరి కథకైనా చివర ఒకటే మాట: "కొన్నాళ్ళు అధ్యక్షుడిగా చేశాడు. తర్వాత పోయాడు."

బొమ్మలకి దండలు గుచ్చి వెయ్యమని పూలు ఆరో తరగతి బేబికి ఇచ్చింది. "పోయినవాళ్ళకే బొట్టూ దండా. బతికున్నవాళ్ళకి వెయ్యకూడదు, తెలుసుగా?"

"తెలుసు టీచర్. మా తాతకి వేశాంగా."

ప్రసూనాంబ కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. పిల్లలేం చేస్తున్నారో చూడలేదు.

ఇన్‌స్పెక్టరు రామబ్రహ్మంగారు వచ్చారు. అడిగినదానికల్లా పిల్లలు తడుముకోకుండా చెప్పారు. ఆయన ముఖం వికసించింది.

"ఇప్పుడున్న అధ్యక్షుడెవరమ్మా?"

"అదిగోనండి, దండ లేనాయన," అంది బేబి.

ఆయన పకపకా నవ్వి, కళ్ళజోడు సర్దుకుని గోడ దగ్గరికి నడిచారు. నవ్వు ఆగిపోయింది.

"ఈ ఇద్దరూ ఎప్పుడు పోయారు? నిక్షేపంలా ఉన్నారే!"

"పదవి దిగిపోయారు కదండీ," అంది బేబి, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

భారతీదేవి ప్రసూనాంబ వంక గుర్రుగా చూసింది. రామబ్రహ్మంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేనూ ఈ నెలాఖరుకి దిగిపోతున్నానమ్మా," అన్నారు.

పాఠం బాగుందని పుస్తకంలో రాశారు. భారతీదేవి బదిలీ సంగతి ఎత్తింది. ఆయన కలం మూసేశారు.

"దిగిపోయేవాడి మాట ఎవరు వింటారండీ? వచ్చే ఆయనకి చెప్పుకోండి."

"ఆయనొచ్చినప్పుడు పిల్లలచేత మళ్ళీ చెప్పిద్దాంలే. బొమ్మలు అలాగే ఉంచు. దండలు మాత్రం చూసి వేయించు తల్లీ," అంది భారతీదేవి, ఆయన వెళ్ళాక.

ప్రసూనాంబ స్టూలెక్కి ఆ రెండు దండలూ తీసింది. తడి గుడ్డతో బొట్లు తుడిచింది. బేబి స్టూలు పట్టుకుని నిలబడింది.

"మరి పదవి దిగాక వీళ్ళేం చేస్తారు టీచర్?"

"ఇంటికెళ్తారు."

"ఎళ్ళి?"

"కూర్చుంటారు."

"అబ్బ, హాయి," అంది బేబి.

ప్రసూనాంబ స్టూలు దిగింది. బస్సుకి వేళవుతోంది. దండలు సంచిలో వేసుకుంది. ఇంటి గుమ్మంలో కాలు పెట్టగానే అత్తగారు మాట కూడదీసుకుని అడిగేది బదిలీ సంగతే.