స్టిక్కర్ కింద పాత పేరు

ఏప్రిల్ వాన దుబాయ్‌ని ముంచెత్తిన మర్నాడు షహర్బానూ ప్రసన్నకుమారూ అక్కడి ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే పేటలో ఒక వర్కర్ల బిల్డింగ్ బేస్‌మెంట్‌కి దిగారు. ఇద్దరూ ఒకే విదేశీ ఎలక్ట్రికల్ కంపెనీలో సర్వీస్ ఇంజనీర్లు. ఆమెది నెల్లూరు, పాతకాపు. అతనిది రాజమండ్రి, ఈమధ్యే చేరాడు. నీళ్లు తోడే పంపులకి జనరేటర్ కరెంటు ఇవ్వాలంటే ముందు మెయిన్ ప్యానెల్ తలుపు తీసి కేబుళ్లు విప్పాలి.

మేనేజర్ నరసింహమూర్తి ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "కంప్యూటర్‌లోంచే మెయిన్ ఆఫ్ కొట్టేశానమ్మా. యల్లా, కానివ్వండి."

కింద నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. మెట్లు దిగుతుంటే ప్రసన్నకుమార్ చేతిలోని టెస్టర్ జారి బుడుంగున మునిగింది.

"పర్లేదక్కా, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతోంది. ఆఫ్ అయిపోయినట్టే," అంటూ నీళ్లలోకి దిగి నడిచాడు.

షహర్బాను చివరి మెట్టు మీదే ఆగిపోయింది.

వాళ్ల కంపెనీ మొదటినుంచీ ఒక్కటి కాదు. ఒకప్పుడు యూరప్‌లో పోటీపడిన రెండు కంపెనీలు కలిసి ఒకటయ్యాయి. ఆ తర్వాత ఆటోమేషన్ మోజులో ఊరూరా చిన్న ఫ్యాక్టరీలు కొనేసి, పాత పేర్ల మీద కొత్త స్టిక్కర్లు అంటించారు. పేర్లు కలిశాయి గానీ పద్ధతులు కలవలేదు. ఒక శాఖ ప్యానెళ్లలో పచ్చ అంటే కరెంటు లేదని. ఇంకో శాఖ పాత ప్యానెళ్లలో పచ్చ అంటే అంతా సవ్యంగా నడుస్తోందని. షహర్బాను పని నేర్చుకున్నది ఆ రెండో శాఖలో. ప్రసన్నకుమార్‌కి మొదటిదే తెలుసు.

టార్చి వేసి చూసింది. ప్యానెల్ మీద కొత్త కంపెనీ స్టిక్కర్. చెమ్మకి దాని మూల లేచింది. కింద ఆ రెండో శాఖ పాత పేరులోని రెండే రెండు అక్షరాలు కనబడ్డాయి.

అప్పటికే ప్రసన్నకుమార్ తలుపు పిడి వైపు చెయ్యి చాస్తున్నాడు. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి దాన్నే పట్టుకుంటాడేమో!

"అబ్బయా," అంది మెల్లగా. "చెయ్యి వెనక్కి తీసుకో. దేన్నీ తాకమాక."

"ఏమైందక్కా?"

"కరెంటుంది. సార్ కొట్టిన ఆఫ్ దానికి అందలా."

అతని కాళ్లు కదల్లేదు. "నేను నీళ్లలో ఉన్నానక్కా..."

"నన్నే చూడు. పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటా రా. అడుగు ఎడమైతే షాక్ కొడతాది."

అతను ఒక్కో అడుగూ జరుపుతుంటే ఆమె మనసులోనే దువా చదువుకుంది. ఎదురెళ్లి చెయ్యందిద్దామన్నా తన కాళ్లూ మెట్టు దిగనన్నాయి. అతని వేళ్లు అందగానే పైకి లాగింది. ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు.

షహర్బాను వీధి సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటర్ ముబారక్‌కి ఫోన్ చేసి ఆ లైను కట్ చెయ్యమంది. కాసేపటికి ప్యానెల్ మీది పచ్చ లైటు ఆరిపోయింది. అంతవరకూ కరెంటు పారుతూనే ఉందన్నమాట. ప్రసన్నకుమార్ మోకాళ్లలో తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మళ్లీ నరసింహమూర్తి ఫోన్. "అయిందా అమ్మా?"

"ఖలాస్ సార్, ఇంక చాలు. ఇయ్యాల మేం దిగం," అంది.

సాయంత్రం ఇంటికొచ్చి, వంటింట్లో స్విచ్చు ముందు నిలబడిపోయింది. భర్త యాసీన్ వచ్చేసరికి అలాగే ఉంది.

"చీకట్లో ఏం చేస్తున్నావ్?"

"నువ్వెయ్యి," అంది షహర్బాను, చేతులు వెనక్కి దాచుకుంటూ.