అసలు మాట తర్వాత

సోషియాలజీ ప్రొఫెసరుకు పిల్లలు పెట్టిన పేరు మౌనముని. వెనకాల పెట్టిన పేరే, కానీ ఎలాగో ఆయన చెవిన పడింది. పడ్డాక కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు. మురవడా మరి? గంటల తరబడి మాట్లాడేవాళ్లు ఆ డిపార్ట్‌మెంటులో గదికొకరున్నారు. నోరు మూసుకోవడాన్ని పాఠంగా చెప్పిన మహానుభావుడు ఈయనొక్కడే.

"మనిషిని ప్రశ్న అడగండి. జవాబు రాగానే ఇంకో ప్రశ్న వెయ్యకండి. ఊరికే కూర్చోండి. ఆ నిశ్శబ్దం భరించలేక వాళ్లే నోరు విప్పుతారు. అప్పుడొచ్చేదే అసలు మాట," అనేవాడు. కాసేపాగి, చూపుడువేలెత్తి రెండో సగం చెప్పేవాడు. "అది రాగానే లేచిపోండి. ఇంకాసేపు కూర్చున్నారో, దానికి సున్నం కొట్టేస్తారు. నవ్వేస్తారు, అబ్బే నా ఉద్దేశం అది కాదంటారు. ఆ సర్దుబాటంతా అబద్ధం." పిల్లలు తలలూపుతూ రాసుకునేవారు.

ఇంట్లో మాత్రం ఈ విద్య పారలేదు. భార్య ఏదో చెప్పి ఆపగానే ఈయన అలవాటుకొద్దీ కళ్లప్పగించి కూర్చుంటే, ఆవిడ "నేను మీ సర్వేలో మనిషిని కాను. లేచి ఆ బల్బు మార్చండి" అనేది.

ఏటా పరీక్షలకు ముందు ప్రతి విద్యార్థీ ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడించి, ఫోనులో రికార్డు చేసి, రాసుకు రావాలి. ఈ ఏడు వచ్చినవి చాలావరకు చప్పిడి సరుకే. తాతలందరూ కష్టపడ్డారు, అమ్మలందరూ సర్దుకుపోయారు. ఆవలిస్తూ దిద్దుతున్న ప్రొఫెసరు ఒకదాని దగ్గర మాత్రం నిటారుగా కూర్చున్నాడు.

చివరి వరసలో కూర్చునే అమ్మాయి రాసింది అది. వాళ్ల నాన్న లేడు. అమ్మ కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది. తనకెప్పుడో నర్సు ట్రైనింగులో సీటొచ్చిందనీ, పెళ్లితో అది పోయిందనీ తల్లి చెప్పి ఆగింది. కూతురు గురువుగారు నేర్పినట్టే పలక్కుండా కూర్చుంది. అప్పుడా తల్లి, "నువ్వు కడుపులో పడకపోయుంటే ఈ ఇంట్లో ఒక్కరోజు ఉండేదాన్ని కాదే" అంది. కూతురు ఫోను ఆపి లేచిపోయింది. అదీ గురువుగారు నేర్పినట్టే.

ఆయన సంబరం చూడాలి. అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడు. రాస్తున్న పుస్తకానికి మొదటి వాక్యంగా ఆ మాటనే ఎత్తి పెట్టాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. క్లాసులో చదివి వినిపించాడు. పేరు చెప్పలేదు, నియమం తెలిసినవాడు కదా. కూతుర్ని కొడుకుగా మార్చాడు. కళ్లజోళ్ల దుకాణాన్ని గడియారాల దుకాణం చేశాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే అయింది. ఎందుకంటే ఆ క్లాసులో సగంమంది ముక్కుల మీదున్న కళ్లజోళ్లు ఆ తల్లి చేసిచ్చినవే. తలలన్నీ ఒక్కసారి చివరి వరసకేసి తిరిగాయి. ఆ కదలిక తన చదువు మహిమేననుకున్నాడు ప్రొఫెసరు.

ఆ మర్నాటి నుంచి అమ్మాయి క్లాసుకు రాలేదు. జలుబేదో చేసి ఉంటుందనుకున్నాడు. వారం గడిచాక ఆమె స్నేహితురాలు వరండాలో ఆయన్ను ఆపింది.

"సర్, మీరు చదివిన గడియారాల దుకాణం..."

"అది ఎవరిదో చెప్పకూడదమ్మా. గోప్యత ఉంటుంది."

"అందరికీ తెలుసు సర్. మీరు చదువుతుండగానే తెలిసిపోయింది," అంది ఆ పిల్ల. "అది ఇంటికెళ్లడం మానేసింది. నా హాస్టలు గదిలోనే ఉంటోంది. వాళ్లమ్మ రోజూ గేటు దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోతోంది, ఇది కిందికి దిగదు. తనవల్లే అమ్మ బతుకు పాడైందట. పరీక్ష కూడా రాయనంటోంది."

ఆ రోజంతా ఏ పాఠం చెప్పాడో ప్రొఫెసరుకే తెలియదు. సాయంత్రం ఇంటికెళ్లి, గ్లాసులో టీ చల్లారిపోతుంటే, భార్యకు జరిగిందంతా చెప్పాడు.

"ఆ మాట తర్వాత ఆవిడ ఇంకేమంది?" అడిగింది భార్య.

"ఏమంటుంది? అక్కడితో లేచిపొమ్మని నేనే కదా..."

"మన అబ్బాయి చిన్నప్పుడు రాత్రంతా ఏడుస్తుంటే, ఎందుకు పుట్టావురా నా ప్రాణానికి అన్నాను నేను. గుర్తుందా? సరిగ్గా అప్పుడు లేచిపోయినవాడు నన్నేమని రాసుకుంటాడండీ?"

ఆయన చల్లారిన టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్లీ కింద పెట్టాడు.

మర్నాడు కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాడు. ఇంటి ముందుగదే దుకాణం. గోడలనిండా అద్దాలు, అద్దాల కింద వరసగా ఫ్రేములు. బల్ల వెనక ఆ తల్లి చిన్న స్క్రూడ్రైవరుతో ఒక కళ్లజోడు కాడ బిగిస్తోంది. తానెవరో చెప్పాడు. ఆవిడ తలెత్తి చూసి, స్టూలు చూపించి, మళ్లీ పనిలో పడింది.

"మీ అమ్మాయి విషయంలో కొంచెం పొరపాటు జరిగింది," అన్నాడు.

ఆవిడ ఏమీ అనలేదు. కాడ తెరిచి మూసి చూసుకుంది. గోడలమీద ఎటు చూసినా ఆయన మొహమే. ఇన్నేళ్లు ఎదుటివాళ్ల చేత మోయించిన నిశ్శబ్దం తన నెత్తిన పడేసరికి ఎంత బరువో తెలిసింది.

"క్లాసులో చదివాను," అన్నాడు. "పేరు చెప్పలేదు. అయినా తెలిసిపోయింది."

ఆవిడ మాట్లాడలేదు.

"తెలుస్తుందేమోనని ఆలోచించనే లేదండీ. ఎవరు రాసుకొచ్చారన్నది కాదు, ఎంత బాగుందన్నదే చూశాను. నా పుస్తకంలో మొదటి వాక్యం కూడా అదే పెట్టుకున్నాను." ఎవరూ అడగనిది ఎందుకు చెప్పేశాడో ఆయనకే తెలియలేదు. చెప్పాక తలెత్తలేకపోయాడు.

ఆవిడ స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "మీరు చదువుతుంటే ఏడ్చిందా?"

"నేను... చూడలేదండీ."

"చూడలేదా. అంతమందికి వినిపించారు, దాన్ని ఒక్కదాన్ని చూడలేదా?"

ఆ మాటలో కోపం లేదు. కోపమే ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. ప్రొఫెసరు తేలుకుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. కాసేపటికి, "ఆరోజు మీరింకా ఏదో చెప్పబోయారా?" అని అడిగాడు.

"నోరు తెరిచేలోపు లేచిపోయింది. ఏంటే ఆ తొందర అంటే, సర్ చెప్పారమ్మా అంది."

"ఏం చెప్పాలనుకున్నారు?"

ఆవిడ ఆయనకేసి నిదానంగా చూసింది. ఆయన ఎదురుచూశాడు. పాత అలవాటు, ఎక్కడికి పోతుంది.

"అది మీకు చెప్పేది కాదండీ. దానికి చెప్పేది," అని ఆవిడ ఇంకో కళ్లజోడు అందుకుంది.

అక్కడినుంచి తిన్నగా హాస్టలుకు వెళ్లాడు. కిందిగదిలో విరిగిన కుర్చీలు, నోటీసు బోర్డు, మూలన మంచినీళ్ల డబ్బా. చాలాసేపటికి అమ్మాయి దిగివచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. అయినా ఆయన్ను చూసి చేతులు కట్టుకునే నిలబడింది. ఆ మర్యాదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఇంటికి వెళ్లమ్మా. మీ అమ్మ నీకింకా ఏదో చెప్పాలి."

"ఇప్పుడు చెప్పేది సర్దుబాటు కదా సర్. అబద్ధమని మీరే చెప్పారు."

వెటకారం కాదు. పరీక్షలో జవాబు చెప్పినట్టే చెప్పింది. ఇన్నేళ్లలో తన పాఠం ఇంత బాగా ఒంటబట్టిన శిష్యులు ఎవరూ లేరు.

"నేను చెప్పింది తప్పు," అన్నాడు.

"ఏది సర్?"

"లేచిపొమ్మన్నది. ఏది అసలు మాటో నాకు తెలుసన్నది. నీది క్లాసులో చదవడం అంతకంటే పెద్ద తప్పు. నిన్ను అడగాల్సింది. అడగలేదు."

"అంటే అమ్మ అన్నది నిజం కాదా?"

"నిజమే అయ్యుంటుంది. కానీ మాటను మధ్యలో తెంపి, ఇదే మొత్తమని నీ చేతిలో పెట్టింది నేను. మిగతాది ఏమిటని నేనూ అడిగాను. నాకు చెప్పనంది."

అమ్మాయి మొదటిసారి తలెత్తింది. "మీరు ఊరికే కూర్చున్నా చెప్పలేదా?"

"చెప్పలేదు. నీకు మాత్రమే చెప్పేదట."

అమ్మాయి నోటీసు బోర్డుకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత పైకెళ్లి సంచి తెచ్చుకుంది.

ఇద్దరూ బస్సులో వెళ్లారు. పుస్తకంలోంచి ఆ వాక్యం తీసేస్తానని చెబుదామనుకున్నాడు. అది కూడా తన గొప్పకే చెప్పుకున్నట్టుంటుందని మానుకున్నాడు.

దుకాణం తలుపు దగ్గర అమ్మాయి ఆగి, ఒకసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్లింది. తల్లి లేచిన చప్పుడు, స్టూలు జరిగిన చప్పుడు. కిటికీ తెరిచే ఉంది. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత తల్లి గొంతు మొదలైంది, మెల్లగా. ప్రొఫెసరు చెవులు వాటంతటవే నిక్కాయి. రెండడుగులు ముందుకేస్తే ప్రతి మాటా వినపడుతుంది.

ఆయన వెనక్కి తిరిగి, ఆ గొంతు అందనంత దూరం గబగబా నడిచాడు. మలుపు దగ్గర ఆగాక, క్లాసులో ఆరోజు ఆ అమ్మాయి మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయాడు. ఎంత ప్రయత్నించినా, చదువుతున్నప్పుడు తన చేతిలో ఉన్న కాగితమే గుర్తొచ్చింది.