నలభై ఏడో నంబరు ఇల్లు

స్త్రీ పురుష సమానత్వం మీద ఆయన మాట్లాడని వేదిక లేదు. ఒక పరిశోధనా సంస్థకు డైరెక్టరు. ఆఫీసులో అందరూ చాటుగా 'సమానత్వం సారు' అనేవాళ్లు. ఆయనకు ఆ సంగతి తెలుసు. పొగడ్త అనుకునేవాడు.

ఆ ఏడు సంస్థ ఒక సర్వే మొదలుపెట్టింది. జీతం లేని ఇంటిపని ఎవరెంత చేస్తున్నారో తేల్చి, ఇల్లాళ్లకు పింఛను ఇవ్వాలో వద్దో ప్రభుత్వానికి చెప్పాలి. ఒక్కో ఇంట్లో తెల్లవారుజాము నుంచి రాత్రి పడుకునే దాకా ఓ మూల కూర్చుని, ఎవరేం చేస్తే అది నిమిషాలతో సహా రాసే పని ఒక కాంట్రాక్టు ఉద్యోగినికి అప్పగించారు. పదకొండేళ్లుగా ఆమెది కాంట్రాక్టే. మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటుందని ఇళ్లవాళ్లు ఆమెను గడియారమ్మ అన్నారు. ఆ పేరే స్థిరపడింది.

ఫారాల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు గడియారమ్మ దగ్గరే ఉంటుంది. ఆ ఇంటి ఇల్లాలు ఒప్పుకుంటే తప్ప డైరెక్టరుక్కూడా చూపించకూడదు.

"మా ఇల్లు కూడా కలుపమ్మా. సమానత్వం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో లెక్కల్లో ఒక్కటైనా కనపడాలి కదా" అన్నాడాయన.

గడియారమ్మ ఒక బుధవారం వెళ్లింది. ఆ రోజు ఆయన పనిగట్టుకుని సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. భార్య ఐదింటికే లేచింది. రెండేళ్లుగా మంచం పట్టిన అత్తగారికి ఒళ్లు తుడిచింది, రెండు గంటలకోసారి పక్క మార్చింది, వండింది, ఉతికింది, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది. మధ్యాహ్నం ఆయన గిలికిన అరపేజీ ముందు పెట్టుకుని తొమ్మిది పేజీల ఉపన్యాసం రాసింది. ఆయన పేపరు చదువుతూ, కళ్లజోడు ఎక్కడని మూడుసార్లు కేకేశాడు.

మంచంలోంచి ముసలావిడ గడియారమ్మను పిలిచింది. "మావాడు చేసింది కూడా రాస్తావా?"

"రాస్తానండీ."

"అయితే నీకు కాగితం కలిసొస్తుంది" అందావిడ.

ఇళ్లన్నీ పూర్తయ్యాక పట్టికలు ఆయన బల్ల మీదికి వచ్చాయి. నలభై ఏడో నంబరు దగ్గర ఆయన వేలు ఆగింది. భార్య పదిహేను గంటల నలభై నిమిషాలు, అందులో మూడు గంటలు భర్త ఉద్యోగపు పని. భర్త పది నిమిషాలు. ఇంతకంటే ఘోరమైన ఇల్లు పట్టికలో లేదు. బహిరంగ సభలో దీన్నే చూపిద్దామన్నాడు. ఇంకో ఇల్లు చూద్దామా సార్, అని గడియారమ్మ మెల్లిగా అడిగింది.

"ఎందుకు? ఇలాంటి మగాళ్లను మొహమాటం లేకుండా ఎండగట్టాలి."

చెప్పేద్దామనుకుంది. తొమ్మిది పేజీలు గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆ గదిలో నోరు మూసుకోవడం ఆమెకు హాయిగా అనిపించడం అదే మొదటిసారి.

ఆయన ఆ పట్టికను ఇంటికి పట్టుకెళ్లి, గట్టిగా రాయమని భార్య చేతిలో పెట్టాడు. ఫారం నకలు ఆవిడ దగ్గర ఉంది, తన నంబరు ఆవిడకు తెలుసు. గట్టిగానే రాసింది.

సభలో హాలు నిండింది. ఆయన కాగితం చూసి చదివాడు. "ఈ ఇంట్లో ఉద్యోగం ఆయనది, పని ఆవిడది. ఈ మనిషి ఆ ఇంట్లో కాపురం చెయ్యడం లేదు, బస చేస్తున్నాడు." చప్పట్లు మోగాయి. ఆ పది నిమిషాలూ ఏం చేశాడని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. చెప్పమన్నట్టు ఆయన గడియారమ్మకు సైగ చేశాడు.

"తాగిన కప్పును రెండుసార్లు వంటింటి గట్టు దాకా తెచ్చారండీ. ఎక్కడ పెట్టాలని అడుగుతూ నిలబడ్డారు. కడగలేదు."

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. తన బతుకు తానే గుర్తుపట్టలేని మనిషిని గడియారమ్మ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆయన కాగితం పక్కనపెట్టి, ఆ ఇల్లాలు ఎక్కడుందో గాని ఆమెకు తన నమస్కారం అన్నాడు.

మొదటి వరసలో భార్య లేచి నిలబడింది. "ఇక్కడే ఉన్నానండీ."

"మా ఆవిడకు హాస్యం కొంచెం ఎక్కువ" అన్నాడాయన. హాలు మళ్లీ నవ్వింది. ఆవిడ కూర్చోలేదు. గడియారమ్మ వైపు తిరిగి, "రిజిస్టరులో ఏముందో చదవమ్మా, నాకు అభ్యంతరం లేదు" అంది.

గడియారమ్మ సంచిలోంచి రిజిస్టరు తీసి చదివింది. ఇంటి చిరునామా, భర్త ఉద్యోగం, కింద ఆవిడ సంతకం. ఆయన మొహంలో సిగ్గు కనపడలేదు. ఎవరో జేబు కొట్టేసినట్టు ఒళ్లు తడుముకున్నాడంతే.

రెండు వారాల్లో తేరుకున్నాడు. 'నా ఇల్లే నా పాఠశాల' అని పత్రికలో వ్యాసం రాశాడు. భార్య రాయనంది కాబట్టి సొంతంగానే రాశాడు. అందులో భార్య గురించి ఉన్నది ఒక్క మాట, సహనశీలి అని. ఆయన నిజాయితీకి జనం మురిసిపోయారు, రెండు సంఘాలు సన్మానం చేశాయి. కప్పు కడుగుతున్నాడా అని ఒక్కరూ అడగలేదు. నివేదికలోంచి నలభై ఏడో నంబరు ఎగిరిపోయింది. నిధులు లేవని చెప్పి గడియారమ్మ కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమె ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో చేరింది. ఆయన వ్యాసం చదవబోయి, ఆ సహనశీలి అనే మాట దగ్గర ఆపేసింది.

కొన్నాళ్లకు ఆయన భార్య ఆమెకు ఫోన్ చేసింది. ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికిందట, ఎనిమిదింటి నుంచి ఐదింటి దాకా. పగలు అత్తగారి దగ్గర ఒక మనిషిని పెట్టారట. మరి రాత్రిళ్లు ఎలా అని గడియారమ్మ అడిగింది.

"ఆయనే పక్క మారుస్తున్నారు. చేతకాదు, నడుం విరగ్గొడుతున్నావురా అని మా అత్తగారు తిడుతూనే ఉంటుంది. అయినా నేను లేవడం లేదమ్మా" అందావిడ.