ఎడమ చుట్టు ముడి

పైడిబాబు రక్తం కోసం కళ్యాణి నెల రోజులు అతని వెంటపడింది. బాంబూఫ్లాట్‌లో చేపల వేట చేసుకునే ఆ మనిషికి పోయిన వానల్లో ఎలుక జ్వరం వచ్చింది. చచ్చి బతికాడు. హాడోలోని ఒక పరిశోధన ల్యాబ్‌లో కళ్యాణి టెక్నీషియన్. ఆస్పత్రిలో తీసిన అతని రక్తంలో కనిపించింది ఇంకెవరి రక్తంలోనూ దొరకలేదని, మళ్లీ తెమ్మని ల్యాబ్ పెద్ద లోకనాథం సార్ ఒకటే తొందర.

అతని పెళ్లాం చిట్టితల్లి దాక్కుని ఉన్నది ప్రోతరాపూర్‌లో కళ్యాణి ఇంట్లోనే. ఆ మాట మాత్రం కళ్యాణి ఎవరికీ చెప్పలేదు. ఇరవై రోజుల కిందట ఫెర్రీలో, పగిలిన పెదవిని కొంగుతో అదుముకుని కూర్చున్న మనిషిని చూసి ఇంటికి తీసుకుపోయింది. ఎవరి పెళ్లామో తర్వాత తెలిసింది. తెలిశాకైనా ఆ మొగుణ్ణి బతిమాలడం మానిందా? మానలేదు. మేకను ఇంట్లో దాచి, బయట పులికి దండాలు పెట్టింది.

ఆ రోజు పొద్దున్న పైడిబాబు ల్యాబ్‌కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నా నెత్తురులో అంత ఏటుంది దీదీ? బంగారముందా?"

కళ్యాణి సంచిలోంచి ఒక థర్మకోల్ బిళ్ళ తీసింది. దాని చుట్టూ నైలాన్ తంగూసు దారంతో కట్టిన చిన్న చిన్న గేలాలు. చిట్టితల్లి ఊరికే కూర్చోలేక పక్కింటి పడవవాళ్లకు కట్టిపెట్టే వాటిలో ఒకటి. వేటగాడికి వేట సామానుతో చెబితేనే ఎక్కుతుందని తెచ్చుకుంది.

"దేఖో భయ్యా. రోగం వస్తే ఒంట్లో తెల్లకణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి. క్రిమిని పట్టే గేలాలనుకో. విడివిడిగా వదుల్తాయి. నీ కణాలు ఇంకోటి కూడా చేస్తున్నాయి. కంటికి కనపడని బుడగలు వదిలి, వాటి ఒంటి నిండా ఈ గేలాలు తగిలించి పంపుతున్నాయి. కణం ఉన్నచోటే ఉంటది, బుడగ పోయి పట్టుకుంటది. ఒక గేలం జారినా ఇంకోటి వదలదు."

"అయితే నా నెత్తురూ ఏటకెల్తందన్నమాట!" అని పెద్దగా నవ్వి, బిళ్ళను అందుకుని తిప్పి చూశాడు. ఒక ముడి మీద వేలు ఆగింది. నవ్వూ ఆగింది.

"ఇది ఎవులు కట్టినారు?"

"బజార్లో కొన్నాను."

అతను బుద్ధిమంతుడిలా చెయ్యి చాపి, రెండు గొట్టాల రక్తం ఇచ్చి, దూది అదుముకుంటూ మెట్లు దిగిపోయాడు.

గొట్టాల మీద పేరు రాస్తూ కళ్యాణి బల్లమీద చూసింది. బిళ్ళ లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు చిట్టితల్లి వేలు. కుడి చూపుడువేలు వంగదు. అందుకే అందరూ కుడికి చుట్టే ముడిని ఆమె ఎడమకు చుట్టి, కొసను పళ్లతో కొరుకుతుంది. ఆ వేలు విరిచినవాడికి ఆ ముడి తెలియకుండా ఎలా ఉంటుంది? పైగా మొదటిసారి బతిమాలినప్పుడే, రక్తం ఇస్తానని ఇంటికొచ్చి అయినా చెప్పు భయ్యా అని తన అడ్రసు తనే రాసిచ్చింది, మహాతల్లి.

రక్తాన్ని గంటలోపు మిషన్‌లో తిప్పాలి. నెల రోజుల బతిమాలుడు ఆ రెండు గొట్టాల్లో ఉంది. కళ్యాణి ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ క్షణానికి తర్వాత ఎన్నో రోజులు సిగ్గుపడింది. గొట్టాలను బల్లమీదే వదిలేసి ఆటో కోసం పరుగెత్తింది.

ఇంటి గుమ్మంలో కళ్యాణి తల్లి ఎరుకమ్మ నుదురు పగిలి పడి ఉంది. "నోపలికెల్లు," అని చేత్తో చూపించింది. లోపల పైడిబాబు చిట్టితల్లిని జుట్టు పట్టుకుని తలను బీరువాకేసి కొడుతున్నాడు. ప్రతి దెబ్బకూ రేకు మోగుతోంది. కళ్యాణి నీళ్ల బకెట్టు ఎత్తి అతని వీపు మీద బాదింది. అతను తిరిగి కడుపులో ఒక్క తన్ను తన్నాడు. ఆమెకు ఊపిరి అందలేదు.

"మా ఆడదాన్ని దాసి, నాకే సూది పొడుస్తావా?" అని అరిచి, పీట ఎత్తాడు.

అప్పుడు చిట్టితల్లి చేతికి గేలాల బుట్ట తగిలింది. గుత్తి మొత్తం లాగి అతని మొహం మీద కొట్టింది. రెండు గేలాలు బుగ్గలో దిగాయి, ఒకటి పెదవిలో. అతను పట్టి లాగాడు. గేలానికి వెనక్కి ముల్లుంటుంది, లాగినకొద్దీ చీలుస్తుంది. పుట్టినప్పటి నుంచీ గేలం వేసినవాడికి ఆ మాత్రం తెలియదా? కోపంలో గుర్తురాలేదు. పెదవి చీలి నెత్తురు గడ్డం మీదుగా కారింది. చిట్టితల్లి దారాన్ని మణికట్టుకు చుట్టుకుని, గోడకు కాళ్లు తన్నిపెట్టి, పక్కింటివాళ్లు పిలిచిన పోలీసులు వచ్చేదాకా వదల్లేదు.

సాయంత్రం కళ్యాణి ఆ నెత్తురునంతా ఫినాయిల్ పోసి తుడిచింది. ఒక్క చుక్క కూడా ఉంచబుద్ధి కాలేదు. లోకనాథం సార్ ఫోన్ చేశాడు. గొట్టాల్లో రక్తం పాడైపోయింది, ఆ మనిషి మళ్లీ ఇస్తాడా అని.

ఫోన్ పెట్టేశాక చిట్టితల్లి అడిగింది. "ఎలక జొరం వొచ్చినోల్ల నెత్తురేనా దీదీ మీకు కావాల?"

"అవును."

"నాకూ వొచ్చింది. ఆయనకన్నా ముందే."

"మరి ఆస్పత్రి లిస్టులో నీ పేరు లేదే!"

"నన్నెవులు తీసుకెల్లినారు? పొయ్యికాడే పడున్నాను."

మర్నాడు ల్యాబ్‌లో చిట్టితల్లి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. కళ్యాణి సూది పట్టుకుని ఆ చేతిమీద కమలని చోటు కోసం వెతికింది. దొరకలేదు. రెండో చెయ్యి ఇవ్వమంది. అదీ అంతే.