పాత కెర్నల్, వీధి తలుపు

పొద్దున్నే పాలబ్బాయి కింద నుంచి కేక వేయగానే కోడలు మేడకిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది. పాలు, కూరగాయలు, మందులు అన్నీ అందులోనే పైకొస్తాయి. వీధి తలుపు పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

తలుపు పోవడానికి పెద్ద కారణమేం లేదు. భర్త కొత్త వైఫై పరికరం కొని, అది పనిచెయ్యడానికి కంప్యూటర్‌కి అప్‌డేట్ పెట్టాడు. కంప్యూటర్‌ని లోపలుండి నడిపించే కెర్నల్ కొత్తది వచ్చింది. నెట్ పరుగులు పెట్టింది, తలుపున్న చోట నున్నటి గోడ మిగిలింది. “పోనీలే, దొంగల భయం లేదు,” అన్నాడు మామయ్య. భర్తకి ఆఫీసు పనంతా ఇంట్లోంచే. ఊపిరాడనిది కోడలికి ఒక్కదానికే. సోమవారం ఆమె ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరాలి. మొదటిరోజు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని వాళ్లు ముందే చెప్పేశారు.

ఆదివారం మధ్యాహ్నం మగవాళ్లిద్దరూ కునుకు తీస్తుంటే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత కెర్నల్ ఫైళ్లు వెతికి దించుకుంది. ఒక్కో కమాండునూ అక్షరం అక్షరం సరిచూసుకుంటూ ఎక్కించింది. రీస్టార్ట్ చేసింది. గోడ గోడలాగే ఉంది. పాతది ఎక్కించినా, కొత్తది ఉన్నంతకాలం కంప్యూటర్ దాన్నే పట్టుకుంటుందని ఆమెకు తట్టలేదు. గోడకి నుదురు ఆనించి ఏడ్చింది.

“మళ్లీ చూడవే,” అంది బట్టలు మడతపెడుతున్న అత్తయ్య. “మొదట్లో ఏదో మెరిసి మాయమైంది. అక్కడ ఆపి చూడు.”

ఈసారి ఆమె రీస్టార్ట్ చేసి, మెరిసిన ఆ మెనూ దగ్గర ఆపి, అందులో పాత కెర్నల్‌ని ఎంచుకుంది. స్క్రీన్ మీద అక్షరాలు బిరబిరా పారాయి. గోడలో ముందు గడియ కనిపించింది, ఆ తర్వాత తలుపు. అత్తయ్య చేతిలో ఉన్న తువ్వాలుతోనే దాని దుమ్ము దులిపింది.

భర్త లేచాడు. “నెట్ రావట్లేదేంటి?”

“మన కొత్త వైఫై పరికరం పాత కెర్నల్‌కి తెలీదండీ.”

“అయితే కొత్తదే పెట్టు. నా ఉద్యోగం మాటేమిటి?”

“తలుపు లేకపోతే నా ఉద్యోగం మాటేమిటి?”

“నీది ఇంకా మొదలే కాలేదుగా!”

ఆమెకు ఒళ్లు మండింది. అయినా రేపు సాయంత్రం దాకా ఆగమని బతిమాలింది. అతను మొహం మాడ్చుకుని సరేనన్నాడు.

సోమవారం ఉద్యోగంలో చేరింది. కళ్లు ప్రూఫుల మీదున్నా మనసంతా తలుపు మీదే. సాయంత్రం బయటి మెట్లెక్కి చూస్తే నున్నటి గోడ. పై మెట్టు మీద అత్తయ్య చెప్పులేసుకుని, పక్కన సంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

“వాడు సాయంత్రం దాకా ఆగడని తెలుసుగా, నా కొడుకే. అందుకే పొద్దున నీ వెనకే బయటికి వచ్చేశాను.”

“ఇప్పుడు లోపలికెలా వెళ్తాం అత్తయ్యా?”

పక్క కిటికీలోంచి భర్త తల బయటికొచ్చింది. “అమ్మా! ఇక్కడ వంట సంగతేంటి? నాన్న పొద్దుట్నుంచీ ఆకలంటున్నాడు.”

“పాతది పెట్టి, ఆ కొత్తదాన్ని పూర్తిగా తీసిపారెయ్. అప్పుడొస్తాం.”

“మరి నెట్టో?”

“తీగ పెడితే వస్తుందటగా. తలుపుంటుంది కదరా, వెళ్లి కొనుక్కో.”

తల లోపలికి పోయింది. కోడలు అత్తయ్య పక్కన మెట్టు మీద కూర్చుంది. లోపల తండ్రీకొడుకులు వాదులాడుకోవడం వినిపించింది. కాసేపటికి గోడలో గడియ కనిపించింది, వెంటనే తలుపూ వచ్చింది. కోడలు గబుక్కున లేవబోయింది.

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. “ఉండవే,” అంది వీధి వంక చూస్తూ. “ఇంకాసేపు బయటే కూర్చుందాం.”