పదమూడో గీత

ఉదయం ఆరూ యాభైకి ఫ్యాక్స్ వచ్చింది. అంత్యక్రియల హాలువాళ్ళకు ఒక్క అక్షరం కావాలి.

నిషిదె తమోత్సు అప్పటికే సిరా కడ్డీని రాతి మీద నూరుతున్నాడు. పని ఉన్నా లేకపోయినా పొద్దున్నే ఇరవై నిమిషాలు సిరా నూరడం ఆయనకు నలభై నాలుగేళ్ళ అలవాటు. ఎడమ చేత్తో కాగితం చింపి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పోయినావిడకు ఎనభై తొమ్మిదేళ్ళు. పేరులో ఒక అక్షరం పాత రూపంలో ఉంది, అది హాలు అచ్చు యంత్రంలో లేదు. ఆ ఒక్కటీ రాసి తొమ్మిదిలోగా పంపమన్నారు. మిగతా బోర్డు యంత్రమే అచ్చు వేస్తుంది.

వంటగదిలోంచి భార్య ఫుకియె ఎన్ని వచ్చాయని అడిగింది. ఆమె వృద్ధుల డే కేర్ వంటశాలలో పనిచేస్తుంది. ఏడున్నర బస్సు అందుకోవాలి.

"ఒకటి" అన్నాడు.

"ఒక బోర్డా?"

"ఒక అక్షరం."

ఆమె అన్నం డబ్బాకు మూత పెట్టి గుడ్డలో ముడి వేసింది. "ఇంకో పదేళ్ళు పోతే ఒక చుక్క అడుగుతారు లెండి. మీరు దానికీ రెండు గంటలు కూర్చుంటారు."

ఆయన మళ్ళీ సిరా నూరసాగాడు. చుక్కకు రెండు గంటలు పట్టిన రోజులు ఉన్నాయి.

ఒకప్పుడు ఊళ్ళో ఎవరు పోయినా హాలు ముందు నిలబెట్టే బోర్డు తమోత్సే రాసేవాడు. తొమ్మిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పైన పోయినవారి పేరు, కింద ఇక్కడ అంత్యక్రియలు జరుగుతున్నాయన్న మాట. రోడ్డు మీద పోయే బస్సులోంచి చదవగలగాలి. దగ్గరికి వచ్చినవాడికి చూడబుద్ధి కావాలి. మొదటిది హాలువాళ్ళు అడిగేవారు. రెండోది ఎవరూ అడగలేదు. ఆయనకు టైమంతా రెండోదానికే పట్టేది.

ఆరేళ్ళ క్రితం హాలు యజమానులు ఒసాకా నుంచి ఒక కంపెనీని పిలిపించి ఆయన చేతిరాతను యంత్రంలోకి ఎక్కించారు. పంతొమ్మిది రోజుల్లో మూడు వేల రెండు వందల అక్షరాలు రాశాడు. చివరి సాయంత్రం రాసినవాటిలో 'గి' అని పలికే జపాను అక్షరం ఉంది. ఆ అక్షరానికి పదిహేను గీతలు. పదమూడోది పైనుంచి విల్లులా వంగి కుడివైపుకు దిగి, అడుగున ఒక క్షణం ఆగి, కొస పైకి లేవాలి. ఆ సాయంత్రం కుంచె మొన రెండుగా చీలింది. గీత మధ్యలో సన్నబడింది. కొస లేవలేదు. పొద్దున మళ్ళీ రాద్దామని పడుకున్నాడు. పంతొమ్మిది రోజుల అలసట మీద ఆలస్యంగా లేచేసరికి కంపెనీ మనిషి వచ్చి కట్టంతా పట్టుకుపోయాడు. ఫుకియెయే ఇచ్చింది. టీ పోసి మరీ పంపింది.

'గి' ప్రతి బోర్డు మీదా రెండుసార్లు వస్తుంది. పేరు కింద మర్యాదకు ఒకసారి, అంత్యక్రియలన్న మాటలో ఒకసారి. చేత్తో రాసేవాళ్ళకు ఒక నియమం ఉంది. ఒకే పనిలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండింటికీ ఒకే ముఖం ఉండకూడదు. పైది బిగించి నిలబెడితే కిందదాన్ని కొంచెం విప్పాలి. యంత్రం దగ్గర ఉన్నది ఒక్కటే ముఖం. దానికి పదమూడో గీత కుంటిది. హాలుకు పదకొండు శాఖలున్నాయి. తమోత్సు అంచనాలో ఈ ఆరేళ్ళలో పదిహేను వేల మంది ఆ గీత పక్కనుంచి శ్మశానానికి వెళ్ళారు.

ఆ అక్షరం మార్చమని ఆయన హాలుకు రెండుసార్లు ఉత్తరం రాశాడు. తర్వాత నుంచి ప్రతి కొత్త సంవత్సరం కార్డులో శుభాకాంక్షల కింద ఒక వాక్యం చేరుస్తున్నాడు: ఈ ఏడాదైనా 'గి' విషయం చూడగలరు. హాలు నుంచి ప్రతి ఏడాదీ కార్డు వస్తుంది. అందులో శుభాకాంక్షలు మాత్రమే ఉంటాయి.

పాత రూపం అక్షరాన్ని నాలుగుసార్లు రాసి, మూడోదాని మూల అరిగిపోయిన ఎర్ర పెన్సిల్ ముక్కతో సున్నా చుట్టాడు. ఆరాక అట్టల మధ్య పెట్టి, రబ్బరు బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. ఫిబ్రవరి. రాత్రి కురిసిన మంచు రోడ్డు మీద బురదైంది. పన్నెండు నిమిషాల నడక. దారిలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం రుద్దుకున్నాడు. చలికి పట్టేసిందనుకున్నాడు.

హాలు మేనేజరు తబుచికి ముప్పై నాలుగేళ్ళు. ఈ ఉద్యోగంలోకి వచ్చి మూడేళ్ళయింది. ఆయన్ని మాస్టారూ అని పిలుస్తుంది. ఈ బురదలో ఎందుకొచ్చారు, ఫ్యాక్స్ చేస్తే సరిపోయేది కదా అంది. ఫ్యాక్స్‌లో సిరా పోతుందన్నాడు. ఆమె అక్షరాన్ని స్కాన్ చేసింది. నాలుగు నిమిషాల్లో అచ్చు యంత్రంలోంచి కాగితం దిగడం మొదలైంది. తన అక్షరాలు ఒక్కొక్కటే తలకిందులుగా బయటికి రావడం తమోత్సు నిలబడి చూశాడు. పొద్దున రాసిన అక్షరం ఐదోది. దాని పక్కవి ఎవరివో అన్నట్టున్నాయి. తర్వాత 'గి' వచ్చింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

"మాస్టారూ, ఆ చూపు నాకు తెలుసు" అంది తబుచి. "ఆరేళ్ళలో ఆ అక్షరం బాగాలేదని ఒక్కరూ అనలేదు."

"బాగుందని అన్నారా?"

"అదీ అనలేదు."

గంట టైమిస్తే బోర్డు మొత్తం ఇక్కడే కూర్చుని చేత్తో రాసిస్తానన్నాడు. అరగంటలో కుటుంబం వస్తోందని, సిరా చుక్క తివాచీ మీద పడితే తుడిచేవాళ్ళు తనని బతకనివ్వరని ఆమె చెప్పింది. ఒక్క అక్షరం కోసం ఒసాకావాళ్ళు ఫైలు తెరవరని కూడా చెప్పింది. ఈ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు.

ఆయన అద్దం తలుపు దగ్గరికి వెళ్ళి, ఆవిరి పట్టిన చోట వేలితో ఆ గీత గీశాడు. ముందు యంత్రంలో ఉన్నట్టు, పక్కనే ఉండాల్సినట్టు. ఇక్కడ ఊపిరి బిగబట్టాలి, ఇక్కడ వదలాలి అని చూపించాడు. తబుచి వంగి రెండింటినీ చూసింది. తొందరపడలేదు.

"నాకు నిజంగా తేడా కనిపించడం లేదు మాస్టారూ. కనిపిస్తే మీ తరఫున నేనే పోట్లాడేదాన్ని."

ఆయన చేతిరుమాలుతో అద్దం తుడిచి బయటికి వచ్చాడు.

బోర్డు నిలబెట్టాక రోడ్డు అవతల మందుల షాపు చూరు కింద నిలబడ్డాడు. నలభై నిమిషాల్లో యాభై ముగ్గురు లోపలికి వెళ్ళారు. చాలామంది పేరు చూసి తలుపు వైపు తిరిగారు. నల్ల సూటులో ఒక ముసలాయన బోర్డు ముందు ఆగాడు. తల పైకెత్తి కింది దాకా చూశాడు. తమోత్సు చూరు కిందినుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. ముసలాయన బోర్డు పక్క అద్దంలో చూసుకుని టై బిగించుకుని లోపలికి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి నిన్నటి చారులో సేమ్యాలు ఉడకబెట్టుకుని తిన్నాడు. ఒంటిగంటా పదిహేనుకు ఫోను మోగింది.

తబుచి. హెడ్డాఫీసు ఈ నెలాఖరుకు యంత్రాల సాఫ్ట్‌వేర్ మారుస్తోందట. శాఖలు కోరిన మార్పుల జాబితా రేపు మధ్యాహ్నానికి ఒసాకాలో ఉండాలట. మీరు వెళ్ళాక ఫోను చేసి కనుక్కున్నానని చెప్పింది. జాబితాలో చివర 'గి' కోసం ఒక వరుస చేర్చిందట.

"ఐదింటికి కొరియర్ వస్తాడు. ఒక్క కాగితమే పంపండి మాస్టారూ. రెండు పంపితే వాళ్ళు ఏదో ఒకటి పెట్టేస్తారు."

"ఒక్కటి" అన్నాడు తమోత్సు.

"ఆరేళ్ళు ఆగారు. ఒక్క మధ్యాహ్నం చాలదా?"

ఆయన చాలన్నాడు. ఫోను పెట్టేశాక థాంక్స్ చెప్పలేదని గుర్తొచ్చింది. మళ్ళీ చేశాడు, లైను బిజీ.

ఒంటిగంటా నలభైకి మొదటి కాగితం రాశాడు. పదమూడో గీత దిగింది, ఆగింది, లేచింది. ఆరేళ్ళుగా లేవని కొస లేచింది. ఆయన కాగితాన్ని గోడకు ఆనించి దూరం జరిగి చూశాడు. అక్షరం బాగుంది. కానీ అది పేరు కింద నిలబడే 'గి'. కింది మాటలోకి దింపితే బిగుసుకుపోయి ఉంటుంది.

రెండోది కింది మాట కోసం విప్పి రాశాడు. అది పేరు కింద నిలబడదు.

నలభై నాలుగేళ్ళుగా ఆయన ప్రతి అక్షరాన్నీ దాని పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు చూసి రాశాడు. పైది బరువైతే కిందది మోయాలి. పైది సన్నమైతే కిందది తగ్గాలి. ఇప్పుడు రాయాల్సినదానికి పైన ఎవరూ లేరు. ఎవరైనా రావచ్చు. ఇంకా చావనివాళ్ళ పేర్లన్నీ దాని మీదికి రావచ్చు. అలాంటి అక్షరం ఆయన ఎప్పుడూ రాయలేదు. ఆరేళ్ళ క్రితం రాసిన మూడు వేల రెండు వందలూ అలాంటివేనని ఇప్పుడు తట్టింది. అప్పుడు రోజు పని పూర్తి చేయాలన్న తొందరలో ఆలోచించలేదు.

తొమ్మిదో కాగితంలో గీత కుదిరి చుక్క దూరమైంది. పద్నాలుగోది ఎండేదాకా బాగుంది. పంతొమ్మిదోది మొదటిదానిలాగే వచ్చింది. ఆయన కుంచె కడిగి, మొన పెదవుల మధ్య పెట్టి సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. మూడున్నరకు సిరా అయిపోయింది. మళ్ళీ నూరాడు. ఈసారి ఇరవై నిమిషాలు నూరలేదు. కిటికీ తెరిచాడు. వీధిలో ఎవరో మంచు చెక్కుతున్నారు. కాగితాలు నేల మీద రాసిన వరుసలో పరిచాడు, వరుస గది దాటి గుమ్మం దాకా వచ్చింది. చల్లారిన టీ సగం తాగాడు.

ఐదూ పదికి కొరియర్ మనిషి మూడుసార్లు గంట కొట్టి, తలుపు తెరవకపోతే చీటీ అంటించి వెళ్ళాడు. ఐదూ నలభైకి ఫుకియె వచ్చింది. ఆయన బల్ల ముందు కూర్చునే ఉన్నాడు. తల బల్ల మీద ఉంది. కుంచె కడిగి తగిలించి ఉంది. నాలుగూ నాలుగున్నర మధ్య గుండె ఆగిందని డాక్టరు రాశాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి తబుచి వచ్చింది. ముందు దీపం దగ్గర అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకుంది. తర్వాత ముందు గదిలోకి వచ్చింది. కాగితాలు ఆయన పరిచిన చోటే ఉన్నాయి. ముప్పై ఒకటి. ఫుకియె వాటిని దాటుకుంటూ తిరుగుతోంది తప్ప తీయలేదు.

ఏది పంపాలనుకున్నారో చెప్పారా అని తబుచి అడిగింది. పంపేదాని మూల ఎర్ర సున్నా చుడతారని ఫుకియె చెప్పింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ముప్పై ఒకటికీ మూలలు చూశారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. సున్నా లేదు.

"మీకేది బాగుందనిపిస్తోందమ్మా?"

"ఈ గీతేనా ఆయన రోజూ చెప్పేది?" ఫుకియె ఒక కాగితం మీద వేలు పెట్టింది. తర్వాత ఇంకోదాని మీద పెట్టింది. "ఆరేళ్ళు వెక్కిరించాను. ఇప్పుడు చూద్దామంటే అన్నీ ఒకేలా ఉన్నాయి."

"ఏదో ఒకటి స్కాన్ చేసి పంపేస్తే? అన్నీ పాతదానికంటే మంచివే అయ్యుంటాయి."

"ఆయన ఎంచనిది పంపకండి. అప్పుడోసారి నేనే ఇచ్చి పంపాను."

తబుచి పదకొండున్నర దాకా కూర్చుంది. పన్నెండుకు పది నిమిషాలుండగా ఒసాకాకు ఫోను చేసి జాబితాలో ఆఖరి వరుస తీసేయమంది.

అంత్యక్రియలు గురువారం పదింటికి జరిగాయి. బోర్డు చేత్తో రాయించాలని తబుచి రెండు ఊళ్ళకు ఫోను చేసింది, ఎవరూ దొరకలేదు. యంత్రం నాలుగు నిమిషాల్లో ఇచ్చింది. పేరులోని అక్షరాలన్నీ యంత్రంలో ఉన్నాయి. పేరు కింద ఒక 'గి', కింది మాటలో ఒక 'గి'. ఒంటిగంటకు బోర్డు దించేశారు.

శనివారం ఫుకియె ముందు గది సర్దింది. ముప్పై ఒక్క కాగితాలూ వరుస తప్పకుండా పేర్చి, అట్టల మధ్య పెట్టి కట్టింది. బల్ల సొరుగు పూర్తిగా మూసుకోకపోతే బయటికి లాగి చూసింది. అడ్డం పడింది ఒక ఎర్ర పెన్సిల్. కొత్తది. ఇంకా చెక్కలేదు.