ఇరవయ్యో పొట్లం

ప్రతి గురువారం పొద్దున తొమ్మిదింటికి తారామణి నాచారం ఆఫీసులో సంతకం పెట్టి, పన్నెండు ఖాళీ సంచులు చంకన పెట్టుకుని చిల్కానగర్ బయలుదేరేది. తొమ్మిదేళ్లుగా అదే దారి. ఈ మధ్య మోకాళ్ల నొప్పి కూడా తోడు వస్తోంది. సర్వేకు ఒప్పుకున్న ఇళ్లవాళ్లు వారం రోజుల సబ్బు కవర్లు, బిస్కెట్ కవర్లు, షాంపూ పొట్లాలు చెత్తలో వేయకుండా ఆమె ఇచ్చిన సంచిలో దాచిపెట్టేవాళ్లు. ఆమె నిండు సంచి తీసుకుని ఖాళీది ఇచ్చేది.

"మా ఇంటి చెత్త మీద నీకున్నంత ప్రేమ, పావురం మా అల్లునికి నా మీద లేదు బిడ్డా" అనేది మూడో ఇంటి సాలమ్మ, ప్రతి వారం అదే మాట, అదే నవ్వు. మంచినీళ్లు ఇవ్వబోయేది. తారామణి వద్దనేది. సర్వే ఇళ్లలో ఏదీ తీసుకోకూడదని ఆఫీసు నియమం. తీసుకుంటే ఆ ఇంటి పట్ల మొగ్గు వస్తుందట. మిగతా సర్వేవాళ్లు టీ తాగేవాళ్లు. తారామణి ఎండలోనైనా తాగేది కాదు.

మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి ఒక్కో పొట్లాన్ని చెవికి ఆనించుకుని వినేది. ఖాళీ అయిన పొట్లం తనను ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో, ఎలా వాడారో చెబుతుంది. లోపల ఏదైనా ఉంటే చెప్పదు. షాంపూ పొట్లాలు గబగబా చెప్పేస్తాయి, నూనెవి ముద్దముద్దగా మాట్లాడతాయి, బిస్కెట్ కవర్లు ఒకే మాట పదిసార్లు అంటాయి. వినడానికి విద్య ఏమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. కంపెనీలకు ఓపిక ఉండదు కాబట్టి తారామణి లాంటివాళ్లకు జీతం ఇస్తాయి. ఫారంలో చివరి గడి పేరే 'పొట్లం చెప్పినది'.

ఆమె రాసినవి ఊరికే పోవు. "అందరు నన్ను పండ్లతోని కొరికిన్రు" అని సబ్బుపొడి పొట్లాలు వాపోతే, మరుసటి ఏడు వాటి అంచుకు చింపుకునే గాటు వచ్చింది. సగం షాంపూ తల్లి వాడి, సగం బిడ్డకు దాస్తోందని రాస్తే, జంట పొట్లాలు వచ్చాయి. కిరాణా కొట్టులో వాటిని చూసినప్పుడు మొదట్లో ఆమెకు గర్వంగా ఉండేది. తర్వాత్తర్వాత కళ్లు తిప్పుకునేది.

ఏడాది కిందట 'చిరుబలం' అనే పిల్లల పాలపొడి కంపెనీ వాళ్లు వచ్చారు. డబ్బాలు కదలడం లేదట. వినమన్నారు. రెండు వందల డబ్బాలు విన్నాక తారామణి ఉన్నదున్నట్టు రాసింది: బలం కోసం ఎక్కువమంది కొనడం లేదు. హాస్టల్లో ఉన్న పిల్లల తల్లులు కొంటున్నారు. చూడబోయేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లలేక కొంటున్నారు.

మేనేజరు ధీరజ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మూడు నెలల్లో డబ్బా పోయి పొట్లం వచ్చింది. గురుకులాల్లో తల్లిదండ్రులను లోపలికి పంపే, నెలలో రెండో ఆదివారం పేరే దానికి పెట్టారు. పైన పిల్ల పేరు తల్లి తన చేత్తో రాసుకోవడానికి తెల్లటి జాగా. అమ్మకం రెండింతలయింది.

తారామణి కూడా కొన్నది. తను ఎందుకు కొంటోందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా కొని, తెల్లటి జాగాలో 'అమూల్య, ఏడో తరగతి' అని గుండ్రంగా రాసింది. భర్త బాలరాజు నాగపూర్ లారీ మీద నెలకు రెండుసార్లు ఇల్లు చేరతాడు. ఆడవాళ్లు ఇంట్లో దొరికేది సాయంత్రమే కాబట్టి మిగతా రోజుల్లో ఆమె సర్వే ప్రశ్నలు అడుగుతూ ఏడున్నర దాకా వీధుల్లోనే ఉంటుంది. అందుకే పిల్లను జనగామ దాటాక ఉన్న గురుకులంలో వేశారు. "సాయంత్రం నా కాడ కూసోబెట్టు, మనుమరాలితోని సదువుకుంటది" అని సాలమ్మ ఒకసారి అన్నది. సర్వే ఇల్లు. తారామణి తల అడ్డంగా ఊపింది.

నెలకు సరిపడే పొట్లం పదహారు రోజుల్లో అయిపోయిందని అమూల్య హాస్టల్ ఫోన్లో చెప్పినప్పుడు తల్లికి సంతోషమే కలిగింది. తాగుతోంది కదా. ఆ వెంటనే భయం పట్టుకుంది. అంత తాగుతున్న పిల్ల ఎందుకు చిక్కిపోతోంది? అన్నం సరిపోవడం లేదా? ఆ వారమంతా లెక్కవేసి లెక్కవేసి అలసిపోయింది.

ఈసారి కంపెనీ హాస్టల్ పొట్లాలు ఇరవై కావాలన్నది. రెండో ఆదివారం తారామణి అమ్మాయిలందరినీ అడిగి సంచిలో వేసుకుంది. అమూల్య మాత్రం తనది ఇవ్వడానికి జంకింది.

"గది గూడ గావాల్నా అమ్మా?"

"ఇరువై అడిగిన్రు బిడ్డా. పంతొమ్మిదే ఉన్నయి."

పిల్ల పెట్టె అడుగు నుంచి తీసి, తల్లి ముఖం చూడకుండా ఇచ్చింది. వచ్చేటప్పుడు గది కిటికీ కింద చీమలు బారులు కట్టి ఉన్నాయి. తినేవి పారేయొద్దని తారామణి చెప్పి వచ్చింది.

సోమవారం ఆఫీసులో పంతొమ్మిది పొట్లాలూ విన్నది. రోజూ ఉండే మాటలే. ఒకటి, నలుగురు కలిసి పొడిపొడిగానే తినేశారన్నది. ఒకటి, వాచ్‌మన్ మనుమడికి పోయిందన్నది. ఇరవయ్యోది మాట్లాడలేదు. లోపల చెయ్యి పెడితే ఉండలు చుట్టిన నోటుబుక్కు కాగితాలు దొరికాయి. ఖాళీగా ఉంటేనే చెబుతుందని ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

తారామణి కాగితాలు ఒక్కొక్కటే బయటికి తీసి, పొట్లాన్ని చెవికి ఆనించుకుంది.

"నన్ను తాగలే" అన్నది పొట్లం. "దినాం రెండు చెంచాలు కిటికీలకెల్లి పారబోసింది. నేను అయిపోతే అమ్మ జల్ది వస్తదని."

చాలాసేపు ఆమె పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి కూర్చుంది. రాస్తే ఏమవుతుందో తెలుసు. ధీరజ్ రెండుసార్లు చదువుతాడు. మూడు నెలల్లో, త్వరగా అయిపోయేలా పదిరోజుల పొట్లం వస్తుంది. ఎన్ని హాస్టళ్ల కిటికీల కింద ఎన్ని చీమల బారులో. తొమ్మిదేళ్లలో ఒక్క గడి కూడా ఖాళీ వదలలేదు, ఒక్క అబద్ధం రాయలేదు. కాగితాలు మళ్లీ ఉండలు చుట్టి పొట్లంలో కూరింది. ఫారం ఇచ్చేసింది.

"ఇదేంటి తారామణిగారూ, చివరి గడి వదిలేశారు? చెప్పలేదా?"

"చెప్పింది సార్."

"మరి రాయండి."

"రాయను సార్."

ధీరజ్ అరవలేదు. అతనికీ నిద్రలేని కళ్లే. ఒక్క గడి ఖాళీ ఉన్నా ఇరవై ఫారాలూ తిరిగొస్తాయని, తెలిసి వదిలినవాళ్లను పైవాళ్లు ఉంచరని మెల్లగా గుర్తుచేశాడు. ఆ నియమం తెలుసన్నది ఆమె. అతను పొట్లం తీసుకుని కుడిచెవికి ఆనించుకున్నాడు, తర్వాత ఎడమచెవికి. పొట్లం పలకలేదు. లోపలికి చూస్తే నాలుగు గీతల కాగితాల మీద పిల్ల చేతిరాత కనిపించింది. కాగితాలు లాగేస్తే సరిపోయేది. అతని వేళ్లు పొట్లం మూతి దాకా వెళ్లి ఆగాయి. పైన తెల్లటి జాగాలో రాసిన పేరు చదివి, పొట్లాన్ని ఆమె చేతికే ఇచ్చేశాడు.

తారామణి గుర్తింపు కార్డు, సంచులు బల్ల మీద పెట్టింది. చిల్కానగర్ మీదుగా నడిచి సాలమ్మ ఇంటి ముందు ఆగింది.

"అత్తా, జర మంచినీళ్లియ్యు."

సాలమ్మ ఆమె వైపు ఒక నిమిషం చూసి, చెంబు నిండా తెచ్చి ఇచ్చింది. పిల్లను సాయంత్రాలు సాలమ్మ దగ్గర ఉంచే సంగతి ఆ గడప మీదే మాట్లాడుకున్నారు.

మంగళవారం పొద్దున ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సెక్కి జనగామలో దిగి, ఆటోలో గురుకులం చేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె చేతుల వైపు చూశాడు.

"ఇయ్యాల మంగళవారం గదమ్మా. ఏం తెచ్చినవ్?"

"ఏం తేలే అన్నా. పిల్లను తీస్కపోను వచ్చిన."

కాగితాల పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సులో అమూల్య పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని కిటికీ వైపు కూర్చుంది. ఆలేరు దాటాక పిల్ల మెల్లగా అడిగింది.

"పొట్లం జెప్పిందా అమ్మా?"

"చెప్పింది. నువ్వు జెప్పు."

అని తారామణి కళ్లు మూసుకుని, అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి, చెవిని బిడ్డ నోటి దగ్గరికి వంచింది.